ట్రాక్టర్ డ్యూయల్ క్లచ్: విప్పే ముందు కొలవండి, కొలిచాక సరిచేయండి

పెడల్ సగం తొక్కితే బండి ఆగాలి, వెనక రోటావేటర్ తిరుగుతూనే ఉండాలి. పూర్తిగా తొక్కితే రెండూ ఆగాలి. డ్యూయల్ క్లచ్ చేయాల్సిన పని ఇంతే. ఇందులో ఏది తేడా వచ్చినా చాలామంది నోట మొదట వచ్చే మాట "ప్లేట్లు పోయాయి, బండి విప్పాలి" అని.

ఒకసారి నాకూ అదే మాట చెప్పారు. దమ్ము సీజన్ నడిమధ్యలో పెడల్ అడుగంటా తొక్కినా రోటావేటర్ ఆగేది కాదు. ఒక షెడ్డులో చూపిస్తే బండిని రెండు ముక్కలు చేయాలన్నారు. వాళ్లకు ఖాళీ లేక నాలుగు రోజులు ఆగమన్నారు. ఆ నాలుగు రోజుల్లో నేనే క్లచ్ పక్కనున్న చిన్న కిటికీ మూత విప్పి చూస్తే పీటీఓ (రోటావేటర్ లాంటి పనిముట్లను తిప్పే వెనక షాఫ్ట్) బోల్టుల లాక్ నట్లలో ఒకటి వదులై ఉంది. సరిచేయడానికి గంటన్నర పట్టింది. ప్లేట్లు ఆ తర్వాత ఇంకో రెండు సీజన్లు నడిచాయి.

అందుకే ఈ మార్గదర్శిలో విప్పడం చివర్లో వస్తుంది. కొలవడం ముందు వస్తుంది.

1. మీ బండిలో ఉన్నది డ్యూయల్ క్లచ్చేనా?

మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది సింగిల్ క్లచ్. పెడల్ తొక్కగానే బండీ, పీటీఓ రెండూ ఒకేసారి ఆగుతాయి. దీంట్లో రెండో దశ ఉండదు కాబట్టి 6వ భాగం మీకు అక్కర్లేదు.

రెండోది పెడల్‌తో బండి, పక్కన వేరే చేతి లివర్‌తో పీటీఓ ఆగే రకం. దీన్ని ఇండిపెండెంట్ పీటీఓ అంటారు. చేతి లివర్‌కు వేరే సర్దుబాటు ఉంటుంది, పద్ధతీ వేరే. దీన్నీ కొందరు డబుల్ క్లచ్ అనే పిలుస్తారు కాబట్టి పేరు విని మోసపోకండి.

మూడోది మనం మాట్లాడుకునేది: ఒకే పెడల్, రెండు దశలు. మాస్సీ 241 లాంటి బండ్లలో దొరికే రకం ఇదే. అదే మోడల్ సింగిల్ క్లచ్‌తోనూ అమ్ముతుంటారు. అందుకని పేరు చూసి కాదు, పెడల్ తొక్కి చూసి నిర్ధారించుకోండి.

2. లోపల జరిగేది, మనకు కావాల్సినంత వరకు

ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం) వెనక రెండు క్లచ్ ప్లేట్లు ఉంటాయి. ఒకటి మెయిన్ ప్లేటు, గేర్ బాక్స్‌కు బలం ఇస్తుంది. రెండోది పీటీఓ ప్లేటు. చాలా బండ్లలో ఒక షాఫ్టులో ఇంకో షాఫ్టు దూరి ఉంటుంది: లోపలిది గేర్ బాక్స్‌ది, బయటి బోలు షాఫ్ట్ పీటీఓది.

పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ వెళ్లి ఫింగర్లను, అంటే క్లచ్‌ను వదిలించే చిన్న మీటలను నొక్కుతుంది. ముందు మెయిన్ ప్లేటు వదులవుతుంది. ఇంకా తొక్కితే ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును నొక్కి పట్టే పళ్లెం) వెనక్కి జరిగి సర్దుబాటు బోల్టులను తాకుతుంది. అక్కడి నుంచి పీటీఓ ప్లేటు వదలడం మొదలవుతుంది. ఆ బోల్టుల దగ్గర వదిలిన కాస్త సందే రెండు దశలను విడదీసేది.

ఇంకొక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. మెయిన్ ప్లేటు అరిగేకొద్దీ ఫింగర్ల కొనలు బేరింగ్ వైపు జరుగుతాయి. అంటే పెడల్ ఫ్రీ ప్లే (బేరింగ్ ఫింగర్లను తాకేలోపు పెడల్ ఖాళీగా దిగే దూరం) వాడకంతో తగ్గుతూ వస్తుంది. క్లచ్ జారుతోందని పెడల్ నుంచి క్లచ్‌కు వెళ్లే రాడ్‌ను ఇంకా "టైట్" చేసేవాళ్లు ఉన్న కాస్త ఫ్రీ ప్లేని కూడా తినేస్తున్నారు. నేను చూసిన కాలిన ప్లేట్లలో సగం ఇలా కాలినవే.

3. సామాన్లు, జాగ్రత్తలు

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- మోకాలి ఎత్తు నిటారు కర్ర, సుద్దముక్క, బైండింగ్ వైరు
- ఉక్కు స్కేలు
- రింగు పానాలు, కటింగ్ ప్లయర్
- ఫీలర్ గేజ్, 2 మి.మీ. డ్రిల్ బిట్ ఒకటి
- టార్చి, వైరు బ్రష్, గుడ్డపీలికలు
- కొత్త స్ప్లిట్ పిన్ను (పాతది విరిగాక ఊళ్లో వెతుక్కోవడం దండగ)
- బండితో ఇచ్చిన ఆపరేటర్ పుస్తకం

పని మొదలుపెట్టే ముందు:

- చదును నేల, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు
- పార్కింగ్ బ్రేకు వేసి, రెండు బ్రేకు పెడల్స్‌కు లాచ్ తగిలించాలి
- రోటావేటర్, బేలర్ (గడ్డి కట్టలు కట్టేది) ఏదున్నా విప్పి పక్కన పెట్టాలి. పీటీఓ షాఫ్ట్ ఖాళీగా ఉండాలి
- కిటికీ మూత విప్పే పని ఉంటే బ్యాటరీ మైనస్ వైరు తీసేయాలి
- కండువా తీసేయాలి, లుంగీ మార్చుకుని ప్యాంటు వేసుకోవాలి. తిరిగే పీటీఓ షాఫ్ట్ గుడ్డ కొస పట్టుకుంటే మనిషిని లాగేస్తుంది, చేయి విదిలించుకునే టైం ఇవ్వదు

క్లచ్ దుమ్మును గాలి పైపుతో ఊదకండి. పాత ప్లేట్ల లైనింగులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

4. మూడు గుర్తులు: కర్రతో పెడల్‌ను కొలవడం

మొత్తం పనికి ఇదే ప్రాణం. కర్రను ఫుట్‌బోర్డు మీద పెడల్ పక్కన నిలబెట్టి బైండింగ్ వైరుతో కదలకుండా కట్టండి. పెడల్ తొక్కకుండా ఉన్నప్పుడు దాని పై అంచు ఎక్కడుందో సుద్దతో గీత పెట్టండి. అది సున్నా.

మొదటి గుర్తు, ఫ్రీ ప్లే. ఇంజిన్ ఆపి, పెడల్‌ను కాలితో కాదు, చేత్తో నొక్కండి. కాలికి తేడా తెలియదు. ఏ బరువూ లేకుండా దిగుతున్న పెడల్ ఒకచోట గట్టిబడుతుంది. రిలీజ్ బేరింగ్ ఫింగర్లను తాకిన చోటు అదే. అక్కడ గీత పెట్టండి.

ఇక్కడొక మాయ ఉంది. రాడ్ పిన్ను, దాని రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తే పెడల్ దగ్గర వదులు కనిపిస్తుంది. లోపల బేరింగ్ మాత్రం ఫింగర్లకు ఆనుకునే ఉంటుంది. అందుకని బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే డొప్ప) పక్కన క్రాస్ షాఫ్ట్‌కు ఉన్న ఆర్మ్‌ను, అంటే రాడ్ లాగే మీటను కూడా చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడించి చూడండి. పెడల్ వదులుగా ఉండి ఆర్మ్ అసలు కదలకపోతే అది దొంగ ఫ్రీ ప్లే. ముందు పిన్నులు మార్చాలి.

రెండో గుర్తు, మెయిన్ వదిలే చోటు. దీనికి ఇంజిన్ కావాలి, చక్రాలకు పెట్టిన రాళ్లు తీసేయాలి. చుట్టూ ఎవరూ లేని ఖాళీ స్థలంలో చిన్న గేరు వేసి, ఐడిల్‌లోనే ఉంచి, పూర్తిగా తొక్కిన పెడల్‌ను నెమ్మదిగా వదులుతూ రండి. బండి ఊగి కదలబోయే క్షణంలో పెడల్ ఎంత ఎత్తులో ఉందో చూసుకుని మళ్లీ తొక్కేయండి. ఇంజిన్ ఆపాక ఆ ఎత్తులో గీత పెట్టండి. రెండు మూడు సార్లు చేస్తే ఒకే చోటికి వస్తుంది. పక్కన మనిషిని నిలబెట్టి గీతలు పెట్టించే పని మాత్రం వద్దు.

మూడో గుర్తు, పీటీఓ వదిలే చోటు. ఇంజిన్ ఆపేసి, రాళ్లు మళ్లీ పెట్టి, గేరు న్యూట్రల్‌లో, పీటీఓ లివర్ ఎంగేజ్‌లో ఉంచండి. ఇప్పుడు వెనక పీటీఓ షాఫ్ట్‌ను చేత్తో తిప్పబోతే తిరగదు, ఇంజిన్ కంప్రెషన్ పట్టుకుని ఉంటుంది. ఒక మనిషి షాఫ్ట్‌ను తిప్పే ప్రయత్నంలో ఉండగా మీరు పెడల్‌ను కొద్దికొద్దిగా తొక్కుతూ వెళ్లండి. "తిరిగింది" అన్న చోట గీత. ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి ఇందులో ప్రమాదం లేదు. తాళం చెవి మాత్రం మీ జేబులో పెట్టుకోండి.

గీతలు చెప్పే సంగతి:

- మొదటి గుర్తు పుస్తకంలో ఉన్నంత, రెండోది సుమారు మధ్యలో, మూడోది పెడల్ అడుగు తాకడానికి కాస్త ముందు: అంతా బాగుంది. జబ్బు ఇంకెక్కడో ఉంది
- ఫ్రీ ప్లే లేనే లేదు: క్లచ్ జారుతూ ఉండాలి, లేదా జారబోతోంది. 5వ భాగం చూడండి
- ఫ్రీ ప్లే మరీ ఎక్కువ, మిగతా రెండు గుర్తులూ కిందికి జారాయి: గేర్లు కరుస్తాయి (వేసేటప్పుడు గరగరమంటాయి), పీటీఓ ఆగదు. ఇదీ 5వ భాగమే
- మొదటి రెండూ సరిగ్గా ఉన్నాయి, మూడోది దొరకనే లేదు: పీటీఓ బోల్టుల సందు ఎక్కువైంది. 6వ భాగం
- రెండోదీ మూడోదీ దాదాపు ఒకేచోట: బోల్టుల సందు తక్కువైంది. 6వ భాగం
- ఫ్రీ ప్లే సరిగ్గా ఉన్నా రెండో గుర్తు దొరకలేదు, ఎంత తొక్కినా బండి పాకుతోంది: మెయిన్ ప్లేటు వదలడం లేదు. 8, 9 భాగాలు

5. పెడల్ ఫ్రీ ప్లే సరిచేయడం

ఎంత ఉండాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. చాలా బండ్లకు పెడల్ దగ్గర అంగుళం చుట్టుపక్కల ఉంటుంది. మీ పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే లెక్క. కొన్ని పుస్తకాల్లో పెడల్ దగ్గర కాక, ఆర్మ్ దగ్గర కొలత ఇస్తారు. ఎక్కడ కొలవమన్నారో బొమ్మ చూసి తెలుసుకోండి, అంకె ఒక్కటే చూస్తే పొరపాటు పడతారు.

1) రాడ్ చుట్టూ ఎండిన బురద గీకేయండి. మరలకు వైరు బ్రష్ కొట్టి, కాస్త డీజిల్ రాసి పది నిమిషాలు వదిలేయండి. తుప్పు పట్టిన లాక్ నట్‌ను బలంగా తిప్పితే మూలలు అరిగిపోతాయి, తర్వాత గ్యాస్ కటింగే గతి.

2) పిన్ను తీసి చూడండి. వేలితో తడిమితే మెట్టులా తగిలితే కొత్తది వేయాలి. ఖరీదు పెద్దగా ఉండదు.

3) లాక్ నట్ వదులు చేసి, రాడ్ చివరి ఫోర్క్‌ను సగం చుట్టు తిప్పండి. పిన్ను పెట్టి కొలవండి. లింకేజీ అమరికను బట్టి కొన్ని బండ్లలో రాడ్ పొట్టి చేస్తే ఫ్రీ ప్లే పెరుగుతుంది, కొన్నింట్లో తగ్గుతుంది. తప్పు దిక్కు అయితే వెనక్కి తిప్పితే సరి.

4) కొలత వచ్చాక ఫోర్క్‌లో మరలు తగినన్ని దిగి ఉన్నాయో లేదో చూడండి. నాలుగు మరల మీద వేలాడే ఫోర్క్ ఏదో ఒకరోజు పొలంలో ఊడుతుంది. సర్దుబాటు అంచుకు వచ్చేసిందంటే ప్లేటు అరుగుదల కూడా అంచుకు వచ్చినట్టే.

5) లాక్ నట్ బిగించండి. బిగించేటప్పుడు రాడ్ తిరగకుండా ఇంకో పానాతో పట్టుకోవాలి. తర్వాత మళ్లీ కొలవాలి, బిగింపులో కొలత మారడం మామూలే.

6) కొత్త స్ప్లిట్ పిన్ను వేసి కాళ్లు విప్పండి. పెడల్ బుష్‌కు, క్రాస్ షాఫ్ట్ గ్రీజు నిపుల్స్‌కు గ్రీజు కొట్టండి. ఎక్కువ కొట్టకండి, మిగిలింది లోపలికి కారి ప్లేటు మీద పడుతుంది.

ఇప్పుడు కర్ర మీద రెండో, మూడో గుర్తులు మళ్లీ తీయండి. చాలా బండ్లలో పని ఇక్కడితో అయిపోతుంది. మూడో గుర్తు తనంతట తానే చోటికి వచ్చేస్తుంది. అందుకే ఫ్రీ ప్లే చూడకుండా పీటీఓ బోల్టుల జోలికి వెళ్లకూడదు.

6. రెండో దశ: పీటీఓ బోల్టుల సందు

ఇది ఓపిక పని. బెల్ హౌసింగ్‌కు పక్కనో కిందనో ఒక చిన్న కిటికీ మూత ఉంటుంది. మీ మోడల్‌లో కిటికీ లేకపోతే ఈ సర్దుబాటు బండి విడదీసినప్పుడే సాధ్యం, ఇక్కడ ఆగిపోండి.

1) బ్యాటరీ వైరు తీసి ఉందా? ఇంజిన్ స్టాప్ లాగి ఉందా? మళ్లీ చూసుకోండి. కిటికీలో వేళ్లున్నప్పుడు ఎవరో తెలియక సెల్ఫ్ కొడితే వేళ్లు మిగలవు.

2) మూత చుట్టూ మట్టి తుడిచి విప్పండి. టార్చి వేసి చూడండి. ఇక్కడే చాలా సంగతులు తెలుస్తాయి. లోపల నల్లటి తడి బూడిద ఉంటే ప్లేటు ఆయిల్ తాగుతోంది. పొడి బూడిద ఎక్కువగా ఉంటే అరుగుతోంది. ఎర్ర తుప్పు ఉంటే నీళ్లు దిగాయి.

3) గేరు న్యూట్రల్‌లో ఉంచి ఇంజిన్‌ను చేత్తో తిప్పండి: క్రాంక్ పుల్లీ నట్ మీద పానా వేసి తిప్పొచ్చు. సర్దుబాటు బోల్టు ఒకటి కిటికీ ఎదురుగా వచ్చాక ఆపండి. ఇలాంటివి సాధారణంగా మూడు ఉంటాయి. మొదటి దాని మీద సుద్దతో గుర్తు పెట్టండి, లేకపోతే ఏది చేశారో ఏది చేయలేదో తెలియదు.

4) పెడల్ వదిలేసి ఉండగానే బోల్టు తలకు, ప్రెషర్ ప్లేటు చెవికి మధ్య సందు కొలవండి. చాలా డ్యూయల్ క్లచ్‌లలో ఇది 2 మి.మీ. దగ్గర్లో ఉంటుంది. సర్వీసు పుస్తకంలో ఇచ్చిన అంకె దొరికితే అదే పెట్టండి. మామూలు ఫీలర్ గేజ్ రేకులు 1 మి.మీ.తో ఆగిపోతాయి, రెండు కలిపి పెట్టాలి. నాకు అంతకన్నా సులువుగా తోచింది 2 మి.మీ. డ్రిల్ బిట్ వెనక నున్నటి కాడ. అది కాస్త రాసుకుంటూ దూరితే సందు సరి. ఊగుతూ దూరితే ఎక్కువ. దూరనే దూరకపోతే తక్కువ.

5) లాక్ నట్ వదులు చేసి, బోల్టు తిప్పి, సందు తెచ్చి, బోల్టు కదలకుండా పట్టుకుని లాక్ నట్ బిగించండి. మళ్లీ కొలవండి.

6) ఇంజిన్ తిప్పి రెండో బోల్టు, తర్వాత మూడోది. మూడూ ఒకే కొలతలో ఉండాలి. అంకె కాస్త అటూ ఇటూ అయినా నడుస్తుంది కానీ మూడింటి మధ్య తేడా ఉండకూడదు. ఒకటి ముందు తాకితే ప్రెషర్ ప్లేటు ఓరగా లేస్తుంది. అప్పుడు పీటీఓ సగం వదిలి సగం రాసుకుంటూ తిరుగుతుంది, వదిలేటప్పుడు బండి వణుకుతుంది.

7) చివరగా ఇంకో చుట్టు తిప్పి మూడూ మళ్లీ చూడండి. నాకు ఈ ఆఖరి చుట్టులోనే కనీసం ఒకటి మారి కనిపిస్తుంది.

సందు మరీ తక్కువ పెట్టడం ఇక్కడ తరచూ జరిగే తప్పు. పీటీఓ తొందరగా ఆగితే బాగుంటుందనుకుంటారు. అలా పెడితే మెయిన్ పూర్తిగా వదలకముందే పీటీఓ వదలడం మొదలవుతుంది. గట్టు దగ్గర బండి ఆపగానే రోటావేటరూ ఆగిపోతుంది. బేలర్ కట్టేవాళ్లకు ఇది మరీ నష్టం. గడ్డి ఎక్కువ పడినచోట బండి ఆపి బేలర్‌ను తిరగనివ్వడానికే కదా డ్యూయల్ క్లచ్ కొన్నది.

7. మూత పెట్టే ముందు, పెట్టాక

- కిటికీలోంచి గుడ్డ ముక్క, పానా ఏదీ లోపల మిగల్లేదు
- మూడు లాక్ నట్లూ చేత్తో కదలడం లేదు
- మూత ప్యాకింగ్ బాగుంది. చిరిగి ఉంటే కొత్తది వేయాలి, దమ్ములో నీళ్లు దిగేది ఇక్కడినుంచే
- బ్యాటరీ వైరు తగిలించారు
- ఇంజిన్ ఐడిల్‌లో, గేరు న్యూట్రల్‌లో, పీటీఓ వేసి: పెడల్ సగం తొక్కితే షాఫ్ట్ తిరుగుతోంది, పూర్తిగా తొక్కితే ఆగుతోంది. దూరంనుంచే చూడాలి
- పెడల్ సగం దగ్గర గేరు చప్పుడు లేకుండా పడుతోంది

పూర్తిగా తొక్కినా పీటీఓ షాఫ్ట్ ఏ పనిముట్టూ లేకుండా నెమ్మదిగా తిరుగుతుంటే కంగారు పడకండి. ఆయిల్ చిక్కదనం వల్ల, రాపిడి వల్ల కొంచెం లాగుతుంది, చల్లటి ఉదయాల్లో ఎక్కువ. పనిముట్టు తగిలించాక ఆగితే చాలు.

8. రోగాలు, కారణాలు

క్లచ్ జారుతోంది. ఇంజిన్ మోత పెరుగుతుంది, బండి మాత్రం ముందుకు లాగదు, కాలిన వాసన వస్తుంది. నిర్ధారణకు: ఖాళీ స్థలం, పార్కింగ్ బ్రేకు గట్టిగా వేసి, పెద్ద గేరులో, ఇంజిన్‌ను 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి పెడల్‌ను మామూలుగా వదలండి. ఇంజిన్ ఆగిపోతే క్లచ్ పట్టుకుంటోంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతోంది. రెండు మూడు సెకన్లకు మించి వద్దు, పదేపదే చేయొద్దు. ఈ పరీక్షకే ప్లేటు కాలుతుంది.

ఫ్రీ ప్లే సరిచేసినా జారుతుంటే చాలాసార్లు కారణాలు రెండు: ప్లేటు అరిగిపోవడం, లేదా ఆయిల్ పడటం. ఆయిల్ ఎక్కడిదో బెల్ హౌసింగ్ కింద రంధ్రం చెబుతుంది. చుక్కను వేళ్ల మధ్య రాసి చూడండి. నల్లగా, పల్చగా ఉంటే ఇంజిన్ ఆయిల్, క్రాంక్ షాఫ్ట్ వెనక సీల్ పోయింది. చిక్కగా, ఘాటు వాసనతో ఉంటే గేర్ ఆయిల్, షాఫ్ట్ సీల్ పోయింది. సీల్ మార్చకుండా ప్లేటు ఒక్కటే మార్చితే డబ్బులు నీళ్లపాలే.

బండి బాగానే లాగుతోంది, రోటావేటర్ మాత్రం బరువు పడగానే నెమ్మదిస్తోంది. ఇక్కడ పీటీఓ ప్లేటు జారుతోంది. ముందు రోటావేటర్ షాఫ్ట్‌కున్న స్లిప్ క్లచ్ (బరువు ఎక్కువైతే జారేలా పెట్టింది) జారుతోందేమో చూడండి. నేరం దాన్ది, శిక్ష బండికి పడుతుంటుంది.

గేర్లు కరుస్తున్నాయి. ఫ్రీ ప్లే ఎక్కువ కావడం మొదటి అనుమానం. తర్వాత వంకర తిరిగిన ప్లేటు, షాఫ్ట్ పళ్ల మీద తుప్పు పట్టి జరగని ప్లేటు, పట్టేసిన పైలట్ బేరింగ్ (ఫ్లైవీల్ మధ్యలో షాఫ్ట్ కొనను మోసేది). ఒక చిన్న పరీక్ష: న్యూట్రల్‌లో పెడల్ సగానికి తొక్కి ఐదు సెకన్లు ఆగి, రివర్స్ వేయండి. చప్పుడు లేకుండా పడితే ప్లేటు నెమ్మదిగానైనా వదులుతోంది. అప్పటికీ కరిస్తే ఏదో రాసుకుంటూనే ఉంది.

వదిలేటప్పుడు వణుకు. ఆయిల్ తడి, ఫింగర్ల ఎత్తులో తేడా, ఫ్లైవీల్ మీద పగుళ్లు, పీటీఓ బోల్టుల సందులో తేడా. చివరిదొక్కటే విప్పకుండా సరయ్యేది, దాన్నే ముందు చూడండి.

చప్పుళ్లు. పెడల్ ఏ స్థానంలో ఉంటే వస్తోందో చూస్తే ఏ బేరింగో తెలిసిపోతుంది:

- పెడల్ మీద కాలు ఆనించగానే కీచుమంటే రిలీజ్ బేరింగ్
- సగం తొక్కి గేరులో ఉంచినప్పుడు వచ్చి, వదలగానే పోతే పైలట్ బేరింగ్
- న్యూట్రల్‌లో పెడల్ వదిలి ఉన్నప్పుడు వచ్చి, తొక్కగానే పోతే గేర్ బాక్స్ ముందు బేరింగ్. అది క్లచ్ పని కాదు

పెడల్ బరువైంది. ముందు క్రాస్ షాఫ్ట్ బుష్‌లకు గ్రీజు, తర్వాత మిగతావి.

9. దమ్ము, నీళ్లు, పట్టేసిన ప్లేటు

వరి పొలాల్లో తిరిగే బండ్లకు ఇది తప్పనిసరి. బెల్ హౌసింగ్ కింద రంధ్రానికి దమ్ములో వేసుకోవడానికి బిరడా ఇస్తారు. కేజ్ వీల్స్ తగిలించే రోజే అది కూడా బిగించాలి. దమ్ము అయిపోయిన రోజే విప్పాలి. చాలామంది బిగించడం గుర్తుపెట్టుకుంటారు, విప్పడం మర్చిపోతారు. లోపల దిగిన నీరూ, కారిన ఆయిలూ బయటికి పోయే దారి లేక ప్లేటు కింద నిలుస్తాయి.

దమ్ము ముగిశాక బండిని నెల రోజులు షెడ్డులో పెడితే తడిసిన ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుంటుంది. పెడల్ తొక్కినా బండి కదులుతుంది. దీనికి విప్పాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు.

1) ఇంజిన్‌ను అరగంట నడిపి వేడెక్కనివ్వండి. ఆపి, పెడల్ పూర్తిగా తొక్కి, పెడల్‌కు సీటు స్టాండుకు మధ్య చెక్క పెట్టి రాత్రంతా వదిలేయండి. ఎక్కువసార్లు పొద్దున్నకు వదిలేస్తుంది.

2) వదలకపోతే పెద్ద ఖాళీ పొలంలోకి తీసుకెళ్లండి. ఏ పనిముట్టూ ఉండకూడదు, ముందు గట్టుగానీ మనిషిగానీ పశువుగానీ ఉండకూడదు. చిన్న గేరులో పెట్టి, పెడల్ పూర్తిగా తొక్కి స్టార్ట్ చేయండి. స్టార్ట్ అవుతూనే బండి కదులుతుందని మనసులో ఉంచుకోండి. పెడల్ వదలకుండా యాక్సిలరేటర్ పెంచుతూ, ఒక్కసారిగా తగ్గిస్తూ, మధ్యమధ్యలో రెండు బ్రేకులూ కలిపి తాకించండి. టప్‌మని వదులుతుంది.

3) నాలుగైదు ప్రయత్నాలకు వదలకపోతే విప్పాల్సిందే. కిటికీలోంచి డీజిల్, తుప్పు వదిలించే ఆయిల్ పోసేవాళ్లున్నారు. అతుకు వదులుతుంది, ఆ తర్వాత క్లచ్ జారుతూనే ఉంటుంది.

రాబోయే నెలల్లో వాడననుకున్న బండిని పెట్టేటప్పుడే పెడల్ తొక్కి చెక్క అడ్డం పెట్టేస్తే ఈ బాధ రాదు.

10. విప్పక తప్పకపోతే

బండిని రెండుగా విడదీయడం ఇంటి దగ్గర చేసే పని కాదు. బరువు జారితే ప్రాణం పోతుంది. మెకానిక్‌కే ఇవ్వండి, కానీ పక్కన నిలబడి ఇవి చూడండి.

విడదీసే ముందు, ముందు ఇరుసుకూ ఇంజిన్‌కూ మధ్య రెండు వైపులా చెక్క దిమ్మలు బిగించారా? ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్ను మీద ఊగుతుంది. దిమ్మలు లేకుండా విడదీస్తే ఇంజిన్ పక్కకు ఒరుగుతుంది. జాకీల మీదే వదిలేయకుండా స్టాండ్లు పెట్టారా?

విడదీశాక:

- ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, వెంట్రుకల్లాంటి పగుళ్లు ఉన్నాయా
- పాత ప్లేటు రివెట్లు లైనింగుకు ఎంత లోతులో ఉన్నాయి. సమానమైపోయి ఉంటే కథ ముగిసింది
- రెండు ప్లేట్లలో ఒకటే అరిగినా రెండూ మార్చడం మంచిది. మళ్లీ విప్పే కూలీ ఆ రెండో ప్లేటు ధరను మింగేస్తుంది
- రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, రెండు వైపులా సీళ్లు కొత్తవి. రిలీజ్ బేరింగ్‌ను డీజిల్‌లో కడిగి మళ్లీ వేస్తుంటే ఆపండి, లోపలి గ్రీజు కరిగిపోతుంది
- ప్లేట్లు ఏ ముఖం ఎటు ఉండాలో పాతవి తీసేటప్పుడే ఫోన్లో ఫోటో తీసుకోండి
- డమ్మీ షాఫ్ట్ పెట్టి రెండు ప్లేట్లనూ మధ్యకు తెచ్చాకే బోల్టులు బిగించాలి. కంటి అంచనాతో బిగిస్తే కలిపేటప్పుడు షాఫ్ట్ దూరదు. దూరలేదని బోల్టులతో లాగి కలిపితే ప్లేటు బుష్ వంకరపోతుంది
- ఫింగర్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో గేజ్ పెట్టి చూపించమనండి
- పీటీఓ బోల్టుల సందు బండి కలపకముందే పెట్టాలి. అప్పుడు కిటికీతో పనిలేకుండా అన్నీ కళ్ల ముందే ఉంటాయి
- షాఫ్ట్ పళ్లకు గ్రీజు పూసి తుడిచేయాలి, ముద్దగా వదలకూడదు

11. తోలేటప్పుడు

పెడల్ కాలు పెట్టుకునే పీట కాదు. దున్నుతున్నంతసేపూ కాలు ఆనించి ఉంచితే ఆ కొద్ది బరువుకే ఫ్రీ ప్లే పోయి రిలీజ్ బేరింగ్ తిరుగుతూనే ఉంటుంది. రోటావేటర్ తిరుగుతుండగా సగం తొక్కి నిలబడటం ఈ క్లచ్ ఇచ్చే సౌకర్యమే, కానీ అది గట్టు దగ్గర మలుపుకు, గడ్డి తీయడానికి. ఫోన్ మాట్లాడటానికి కాదు. ఎక్కువసేపు ఆగాలంటే న్యూట్రల్ చేయండి. ట్రాలీ లోడుతో వంతెన ఎక్కుతూ సగం క్లచ్ మీద ఆపితే పది నిమిషాల్లో ప్లేటు కాలుతుంది.

కొత్త ప్లేట్లు వేశాక తొలి రెండు మూడు రోజులు తేలిక పనులు చేయించండి. 25 గంటలు నడిచాక ఫ్రీ ప్లే మళ్లీ కొలవండి. తొలి అరుగుదలకు తప్పకుండా కాస్త మారుతుంది.

గీతలు పెట్టిన ఆ కర్రను పారేయకండి. మూడు గుర్తుల మీదా చాకుతో గాట్లు పెట్టి, పక్కన తేదీ, అవర్ మీటర్ అంకె రాసి టూల్ బాక్స్ పక్కన కట్టి ఉంచండి. వచ్చే దమ్ముకు కేజ్ వీల్స్ తగిలించే ముందు రోజు అదే కర్రను పెడల్ పక్కన నిలబెట్టి చూడండి. ఏ గాటు ఎంత జరిగిందో అక్కడే కనిపిస్తుంది.